తోలు అట్ట, తెగిన అంచు

అందరికీ నమస్కారం. పాత తోలు అట్టల పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. నేను రెండు పుస్తకాల గురించే చెప్తాను.

మొదటిది ఫ్రాన్స్‌లోని బోర్డో నగర గ్రంథాలయంలో ఉంది. ఫ్రెంచి రచయిత మాంటేన్ వ్యాసాలు, 1588 నాటి ముద్రణ. ఆయన 1580లో రెండు భాగాలు వేశాడు. 1588లో మూడో భాగం కలిపాడు. పాత రెండింటికీ 600 చేర్పులు చేశామని ముఖపత్రం మీదే అచ్చేశారు. అయినా మనసు ఆగలేదు. అచ్చయిన ఒక ప్రతిని ముందు పెట్టుకుని, 1592లో పోయేదాకా మార్జిన్ల నిండా రాస్తూనే ఉన్నాడు. ముఖపత్రం మీద ‘ఐదవ ముద్రణ’ కొట్టేసి ‘ఆరవ’ అని రాసుకున్నాడు. ‘చేరుస్తాను గానీ దిద్దను’ అని ఒక వ్యాసంలో అంటాడు గానీ, ఆ మాట మరీ నమ్మకండి. ఈ ప్రతిలో కామాలు కూడా దిద్దాడు! ఫ్రెంచిలో ఆ రచనలకు ఆయన పెట్టిన పేరుకి ‘ప్రయత్నాలు’ అని అర్థం. మన ‘వ్యాసం’ అంటే విస్తరించడం. ఈ ప్రతికి మన మాటే బాగా అతుకుతుంది.

తర్వాత ఎవరో దానికి కొత్త బైండింగ్ చేయించారు. బైండరు అలవాటు ప్రకారం అంచులు సమానంగా కోశాడు. కాగితంతో పాటు మాంటేన్ చేతిరాత కూడా కొంత తెగిపోయింది. అదృష్టం ఏంటంటే, మారీ ద గూర్నే అనే ఆమె 1595లో ఆయన చేర్పులున్న వేరే ప్రతి ఆధారంగా వ్యాసాలు అచ్చు వేయించింది. తెగిన మాటలు చాలావరకు అందులో దొరుకుతాయి.

రెండోది మా తాతగారి పుస్తకం, ఇంగ్లీషు రచయిత బేకన్ వ్యాసాలు. వెన్ను మీద తోలు. ముట్టుకుంటే వేళ్లకి ఇటుక పొడిలాంటి ఎర్రటి దుమ్ము అంటేది. పంతొమ్మిదో శతాబ్దపు తోలుకి ఇది మామూలు జబ్బే. గాలిలోని గంధకం ఆమ్లంగా మారి తోలుని పొడి చేసేస్తుంది. నూనె రాస్తే తగ్గేది కాదు. నాకది తెలీక కొబ్బరినూనె రాసి మరకలు చేశాను. ఆ తర్వాత ఒక బైండింగ్ షాపులో ఇచ్చి, ‘అంచులు నీట్‌గా రావాలండీ’ అని నేనే చెప్పాను. తాతగారు మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

పుస్తకం చాలా నీట్‌గా వచ్చింది. ఒక పేజీలో ‘ఇది త’ దగ్గర కాగితం అయిపోతుంది. ‘తప్పు’ అని మా నాన్న అంటారు. ‘తర్వాత చదవాలి’ అయ్యుంటుందని నేనంటాను. మా తాతగారికి వేరే ప్రతి లేదు.