ఆమ్లెట్‌కు ఎన్ని అక్షరాలు? కడప బండి దగ్గర ఒక పంచాయితీ

నమస్కారం. కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోనే నిలబడి ఉన్నాను. ఈ వారం ఎర్రకారం దోసె రుచి చూసి చెబుదామని బయలుదేరాను. వెంట మా మామయ్యను తీసుకురావడమే పొరపాటయింది. ఆయన ముప్పై ఏళ్లు బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. దోసె పెనం మీదికి రాకముందే ఆయన కళ్లు బోర్డు మీదికి పోయాయి.

కెమెరా అటు తిప్పుతాను, మీరే చూడండి. పసుపు రేకు, ఎర్ర రంగు. ఎ, ఎం, ఎల్, ఇ, టి. అంటే ఆమ్లెట్. చోటు చాలక ఆ చివరి టి రేకు అంచు మీదికి ఎక్కి, సగం అవతలికి వంగిపోయింది.

"ఎనిమిది అక్షరాల మాట. మూడు మింగేశాడు!" అన్నారు మామయ్య.

ఆయన లెక్క ఇది: ఓ, ఎం, ఇ, ఎల్, ఇ, రెండు టీలు, ఆఖర్న ఇంకో ఇ. బ్రిటిష్ వారి పద్ధతి, ఫ్రెంచి నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నది. అమెరికా వారు ఆ చివరి టిని, ఇని కోసేసి ఆరుతోనే కానిస్తారు. "అది బద్ధకం" అంటారు మామయ్య. ఆరంటే ఆయనకు ఒళ్లుమంట.

నేను మాత్రం బండి అన్న పక్షం. ఎందుకో వినండి. లాటిన్‌లో లామెల్లా అంటే పలుచటి రేకు. అది ఫ్రెంచిలోకి వచ్చి లెమెల్, అంటే కత్తి అలుగు, అయింది. పెనం మీద పలుచగా పరుచుకునే గుడ్డట్టుకు ఆ పేరు బాగానే నప్పింది. అయితే ఫ్రెంచివాళ్లు మాట ముందు 'లా' చేర్చి 'లా లెమెల్' అంటారు కదా, వినేవాళ్లు దాన్ని తప్పు చోట విరిచి 'ల్ అలెమెల్' అనుకున్నారు. అలా ముందుకు ఒక 'అ' వచ్చి చేరింది. తర్వాత అలెమెట్, ఆపైన ఎల్, ఎం చోట్లు మార్చుకుని అమెలెట్, చివరికి ఓతో మొదలయ్యే ఇప్పటి రూపం. అంటే మామయ్య కాపాడుతున్న ఎనిమిదక్షరాలకు పునాది ఒక పొరపాటు! మన బండి అన్న చెవికి విన్నట్టు ఎతో మొదలుపెట్టాడు. పాత ఫ్రెంచివాడు ఈ బోర్డు చూస్తే అంతగా ఉలిక్కిపడడు.

పెరుగుదీ ఇదే గొడవ. యోగర్ట్ అన్నది టర్కీ మాట. అందులోని మెత్తని గకు హెచ్ తగిలించాలా వద్దా అని బ్రిటన్, అమెరికా చెరో దారి పట్టాయి. మిరపకాయను ఇంగ్లీషులో 'చిల్లీ' అని రాసేటప్పుడు మనం, బ్రిటిష్ వారు రెండు ఎల్‌లు రాస్తాం, అమెరికాలో ఒకటే. మాట మెక్సికో వైపు నహువాటల్ భాషది, కాయ కూడా ఆ ఖండానిదే. పోర్చుగీసు వారు తెచ్చేదాకా మన వంటలో కారమంటే మిరియమే. ఎర్రకారం లేని కడపను ఊహించుకోండి, నా వల్ల కాదు.

అసలు ఊరి పేరు సంగతేమిటి? 2005 దాకా సర్కారు కాగితాల మీద కడపకు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు: సి, యు, రెండు డీలు, ఎ, పి, ఎ, హెచ్. ఇప్పుడు కెతో మొదలుపెట్టి ఆరే. మన నల్ల బండలు కొనే వ్యాపారులు, భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంకా ఆ పాత ఎనిమిదినే రాస్తుంటారు. ఊరేమీ కదలలేదు.

అలాగని అన్నీ వదిలేయను. మొన్న ఒక హోటల్లో ఫ్రైడ్ రైస్‌లో ఆర్ బదులు ఎల్ పడింది. రైస్ కాస్తా లైస్ అయింది. అంటే పేల వేపుడు, ప్లేటు 120 రూపాయలు! అది మాత్రం తప్పే, అందులో వాదన లేదు.

ఇక దోసె రుచి. రెండు గుడ్లు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పైన వెల్లుల్లి ఘాటున్న ఎర్రకారం ఒక గరిటె వెనుక భాగంతో పూశాడు. అంచులు కరకర, మధ్యలో దూదిలా ఉంది. ఉప్పు ఒక చిటికె ఎక్కువ. పదికి ఎనిమిది. మామయ్య మాట్లాడకుండా రెండోది చెప్పారు.

అప్పుడు బండి అన్న, "సార్, కొత్త రేకు చేయిస్తున్నాను. సరిగ్గా ఎలా రాయాలో మీరే రాసివ్వండి" అన్నాడు. మామయ్య జేబులోంచి పెన్ను తీసి ఎనిమిదీ రాసిచ్చారు. అన్న వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు.

"పెయింటరు అక్షరానికింత అని తీసుకుంటాడు సార్."

మామయ్య కాసేపు ఆ రేకు వైపు, అంచు దాటిన టి వైపు చూశారు. కాగితం వెనక్కి తీసుకుని చివరి రెండక్షరాలూ కొట్టేశారు.