‘నాకేమీ కాలేదులెండి’ అనే ముందు

అందరికీ నమస్కారం.

1896 మే 30న న్యూయార్క్‌లో ఎవెలిన్ థామస్ అనే మహిళ సైకిల్ మీద వెళుతున్నారు. హెన్రీ వెల్స్ అనే అతను డ్యూర్యా కంపెనీ మోటారు బండి నడుపుకుంటూ వచ్చి ఆమెను గుద్దాడు. ఆమె కాలు విరిగింది. ఆసుపత్రికి చేర్చారు. గాయం ఎంత పెద్దదో తేలేవరకు పోలీసులు వెల్స్‌ను ఆ రాత్రి నిర్బంధంలో ఉంచారు. అమెరికాలో మోటారు ప్రమాదాల కథ చెప్పేవాళ్లు చాలామంది దీనితోనే మొదలుపెడతారు.

ఇంతకాలం తర్వాత కూడా ఆమె పేరు, అతని పేరు, తేదీ, బండి రకం మనకు తెలుసు. ఆ రోజే ఎవరో వాటిని కాగితం మీద పెట్టారు కనుక తెలుసు. నన్ను గుద్దిన కారు గురించి నాకు వీటిలో ఒక్కటీ తెలియదు. ఆ కారు నడిపిన మనిషితో నేను ఎదురెదురుగా నిలబడి మాట్లాడాను కూడా.

ఒక సాయంత్రం పని ముగించుకుని సైకిల్ మీద ఇంటికి వెళుతున్నాను. నాలుగు రోడ్ల కూడలి. నేను నేరుగా వెళ్లాలి. నా పక్కన వస్తున్న కారు నన్ను దాటీ దాటకముందే పక్క రోడ్డులోకి మళ్లింది. దాని వెనుక భాగం నా ముందు చక్రాన్ని ఈడ్చేసింది. ఎడమ అరచేయి నేలకు ఆన్చి పడ్డాను. కారు ఆగింది. దిగినాయన మర్యాదస్తుడే. “అయ్యో, చూడలేదండీ, దెబ్బ తగిలిందా?” అన్నాడు. వెనుక వాహనాలు హారన్లు మోగిస్తున్నాయి. పదిమంది ఆగి చూస్తున్నారు. తప్పు నాదే అయినట్టు మొహమాటం ముంచుకొచ్చింది. “నాకేమీ కాలేదులెండి, మీరు వెళ్లండి” అన్నాను. ఆయన వెళ్లిపోయాడు.

సైకిల్ లేవనెత్తి చూశాను. ముందు చక్రం రిమ్ము వంకరపోయి, తిరిగిన ప్రతిసారీ ఒకేచోట బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. చైను ఊడి వేలాడుతోంది. హ్యాండిల్ చివరి రబ్బరు చిట్లి, ఆ చీలిక అంచున కారు రంగు సన్నటి గీతలా అంటుకుని ఉంది. ఇప్పుడైతే దాన్ని సాక్ష్యం అంటాను. ఆ రోజు జేబురుమాలుతో తుడిచేశాను.

రాత్రికి బొటనవేలి మొదట్లో వాపు వచ్చింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. నొప్పి తగ్గకపోవడంతో పన్నెండు రోజుల తర్వాత మళ్లీ తీస్తే, మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లిందని తేలింది. ఆ ఎముక సంగతే అంత, మొదటి ఎక్స్‌రేకు చాలాసార్లు చిక్కదు. కట్టు వేయించుకుని అప్పుడు పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. బండి నంబరు? తెలియదు. రంగు? వెండి రంగో, తెలుపో. ఎన్ని గంటలకు? చీకటి పడుతున్నప్పుడు. చూసినవాళ్లు? పదిమంది చూశారు, ఒక్కరి పేరూ అడగలేదు. ఆ అధికారి విసుక్కోలేదు. అన్నీ ఓపికగా విని కాగితం మీద ‘గుర్తు తెలియని వాహనం’ అని రాశారు.

మనం పత్రికల్లో తరచూ చదివే మాట అది. గుద్ది ఆగకుండా పారిపోయేవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. నన్ను గుద్దిన బండి మాత్రం నా కళ్ల ముందే ఆగింది. దాన్ని గుర్తు తెలియని వాహనంగా మార్చింది నేనే. అందుకే సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కడ కలిసినా, అడిగినా అడగకపోయినా, ఈ విషయం చెబుతూ వస్తున్నాను.

దెబ్బ తగిలిన మొదటి నిమిషాల్లో మన ఒళ్లు మనకు నిజం చెప్పదు. ఆ కంగారులో నొప్పి అణిగిపోతుంది. తలకు దెబ్బ తగిలితే వాంతులు, తికమక, మగత వంటివి గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి. కాబట్టి “దెబ్బ తగిలిందా?” అని ఎవరైనా అడిగితే నిజమైన జవాబు ఒక్కటే: “ఇంకా తెలియదండీ, డాక్టరుకు చూపించుకోవాలి. మీ వివరాలు ఇవ్వండి.” ఈ మాట కొన్నిసార్లు పైకి అనుకుని చూడండి. అవసరమైనప్పుడు దానంతట అదే నోటికి రావాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు.

రోడ్డు మధ్య ఉంటే ముందు పక్కకు రావాలి. ప్రాణం కంటే సాక్ష్యం ఎక్కువ కాదు. ఆ తర్వాత అన్నిటికంటే ముందు బండి నంబరు. పెన్ను కోసం వెతకకండి, ఫోను తెరవడానికి చేతులు వణుకుతుంటే నంబరును గట్టిగా పైకి చదవండి. పక్కనున్నవారిని రాసిపెట్టమనండి. మనుషులు సాయం చేయడానికి సిద్ధంగానే ఉంటారు, ఏం చేయాలో తోచక నిలబడి చూస్తుంటారు. “కొంచెం ఈ నంబరు మీ ఫోనులో రాయండి, మీ ఫోన్ నంబరు నాకు ఇవ్వండి” అంటే ఆ ఒక్క వాక్యంతో గుంపులోని ఒక మనిషి సాక్షి అవుతారు. ఫొటో తీయగలిగితే వాహనం, సైకిల్, రోడ్డు మీది గీతలు ఒకే చిత్రంలో పడేలా తీయండి. దగ్గరి నుంచి తీసిన పది గీతల ఫొటోల కంటే, ఏది ఎక్కడుందో చూపే ఒక్క ఫొటో విలువైనది. డ్రైవరు మొదట అన్న మాట కూడా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. “చూడలేదండీ” అన్నవారే మర్నాడు “సైకిల్ ఆయనే అడ్డం వచ్చాడు” అనవచ్చు. వాళ్లంతా అబద్ధాలకోరులు కారు. భయం మనిషి జ్ఞాపకాన్ని తనకు అనుకూలంగా దిద్దుతుంది. మన జ్ఞాపకానికీ అదే వర్తిస్తుంది, అందుకే రాత్రి పడుకునేలోపే రాసుకోవాలి.

అక్కడికక్కడ చేతిలో డబ్బు పెట్టి విషయం ముగించేద్దామంటే ఒప్పుకోకండి. ఏమి విరిగిందో మనకే తెలియనప్పుడు దాని వెల ఎలా కడతాం?

చట్టం దీని గురించి చాలాకాలంగా మాట్లాడుతూనే ఉంది. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం 31వ అధికరణం ప్రకారం, ప్రమాదంలో భాగమైనవారు ఆగాలి, అడిగితే తామెవరో చెప్పాలి, ఎవరికైనా గాయమైతే పోలీసులకు తెలపాలి. గాయం తీవ్రమైనదైతే బాధ్యత తేల్చడానికి పనికొచ్చే ఆనవాళ్లు చెరిగిపోకుండా చూడాలి. ఇది డ్రైవర్లకే కాదు, రోడ్డు వాడే అందరికీ, అంటే మనకూ వర్తిస్తుంది. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం డ్రైవరు ఆగి వివరాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, పోలీసులకు తెలపాలి. మీ దేశంలో గడువు ఎంతో, ఎక్కడ చెప్పాలో ఈ రోజే తెలుసుకుని పెట్టుకోండి.

ఆ బ్రిటిష్ సెక్షన్‌లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. వాహనం మనల్ని తాకి ఉండాలని అది అనదు. రోడ్డు మీద ఆ వాహనం ఉండటం వల్ల ప్రమాదం జరిగితే చాలు. మనమేమో “అసలు తగలనే లేదు, తప్పించుకోబోయి నేనే పడ్డాను” అని ఊరుకుంటాం. ఆగి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుని దానికి గుద్దుకున్నవాళ్లు కూడా, కారు కదలనే లేదు కదా అని తమనే తిట్టుకుంటారు. ఇతరులకు ప్రమాదం లేదని చూసుకోకుండా తలుపు తెరవకూడదని వియన్నా ఒప్పందం 24వ అధికరణం సూటిగా చెబుతుంది. ఇవి కూడా ఫిర్యాదు చేయదగినవే.

నెదర్లాండ్స్ ఇంకా ముందుకు వెళ్లింది. 1994 నాటి వారి రోడ్డు ట్రాఫిక్ చట్టం 185వ అధికరణం కింద, మోటారు వాహనం సైకిలిస్టును గుద్దితే, అది తమ చేతిలో లేని కారణంతో జరిగిందని నిరూపించుకోవలసిన భారం వాహనం వైపు ఉంటుంది. ఇది నష్టపరిహారానికి సంబంధించిన సూత్రమే తప్ప శిక్షకు సంబంధించినది కాదు. అయినా ఏ వాహనమో చెప్పగలిగినప్పుడే ఆ యజమానిని అది కదిలిస్తుంది. మళ్లీ నంబరు దగ్గరికే వచ్చాం.

ఇక రాతపూర్వక ఫిర్యాదు. చాలామంది బాగా రాయవలసిన చోట తడబడతారు. “కారు విపరీతమైన వేగంతో, నిర్లక్ష్యంగా, నన్ను చంపేసేలా వచ్చింది” అని రాస్తారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ అందులో ఎవరూ సరిచూడగలిగినది ఒక్కటీ లేదు. దాని బదులు ఇలా ఉండాలి: “నేను రోడ్డు అంచుకు సుమారు ఒక మీటరు దూరంలో నేరుగా వెళుతున్నాను. లైటు వెలుగుతోంది. కారు నా పక్కకు వచ్చి, దాని ముందు చక్రం నా పెడలును దాటాక మలుపు తిరిగింది. దాని వెనుక తలుపు నా హ్యాండిల్‌కు తగిలింది.” కారు తలుపు మీది గీత నేల నుంచి ఎంత ఎత్తున ఉందో, మీ హ్యాండిల్ ఎంత ఎత్తున ఉందో కొలిస్తే చాలు, ఈ వాక్యం నిజమో కాదో తేలిపోతుంది. అందుకే సైకిల్‌ను వెంటనే బాగుచేయించవద్దు. నాలా తుడవనూ వద్దు. వేగం తెలియకపోతే తెలియదనే రాయండి. ‘గంటకు ఎనభై’ అని అంచనాగా రాసి, అది తప్పని తేలితే మిగతా నిజాలన్నీ దానితోపాటు మునుగుతాయి.

క్రియాపదం దగ్గర కూడా జాగ్రత్త. “సైకిల్ కారును ఢీకొంది”, “కారు సైకిల్‌ను ఢీకొట్టింది”. రెండింటిలో ఉన్నవి అవే రెండు వస్తువులు, కానీ బాధ్యత చేతులు మారింది. “సైకిల్ అదుపుతప్పి పడిపోయాను” అనే వాక్యంలో కారే మాయమైపోయింది. మన మాట విని వేరొకరు రాస్తున్నప్పుడు ఇటువంటివి అనుకోకుండా దొర్లుతాయి. సంతకం చేసే ముందు ప్రతి వాక్యమూ చదవండి, చదవలేని భాషలో ఉంటే చదివి వినిపించమనండి. మార్చమని అడగడం అమర్యాద కాదు.

“చిన్న దెబ్బకు ఫిర్యాదు ఎందుకు, రాజీ పడండి” అని పోలీసు స్టేషన్‌లో కూడా ఎవరైనా అనవచ్చు. వాదనకు దిగకండి. రాసి తీసుకెళ్లిన కాగితం ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం లేదా నమోదు సంఖ్య అడగండి. తీసుకోకపోతే పై అధికారికి పంపండి. వైద్యుల చీటీలో కూడా ‘కింద పడ్డారు’ అని కాక ‘కారు ఢీకొట్టింది’ అని ఉండేలా చూడండి. ఆ ఒక్క మాట బీమా దగ్గరా, న్యాయస్థానం దగ్గరా ఎదురవుతుంది. చుట్టుపక్కల కెమెరాల సంగతి పోలీసులకు తొలిరోజే చెప్పాలి, ఎందుకంటే చాలా కెమెరాలు కొన్ని రోజులకో వారాలకో పాత దృశ్యాల మీదే కొత్తవి రికార్డు చేసుకుంటాయి.

ఇంత శ్రమ ఒక్క వంకర చక్రం కోసమేనా అని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో 17 దేశాల్లో ఏడు వేలమందికి పైగా సైకిలిస్టులను ప్రశ్నించారు. వారికి జరిగిన ప్రమాదాల్లో పోలీసుల దాకా వెళ్లినవి సగటున 10 శాతమే. అన్నిటికంటే మెరుగ్గా ఉన్న జర్మనీలోనూ 35 శాతమే. వీటిలో ఎవరి ప్రమేయమూ లేకుండా జారిపడినవి కూడా ఉన్నాయి, నిజమే. అయినా రోడ్లు దిద్దే ఇంజనీర్ల ముందుకు వచ్చే పటం ఎంత ఖాళీగా ఉంటుందో ఊహించండి. ఒక కూడలిలో ఇరవైమంది పడి, ఒక్కరే ఫిర్యాదు చేస్తే, పటం మీద ఆ కూడలికి ఒకే చుక్క పడుతుంది. ఒక్క చుక్క కోసం ఎవరూ మలుపు వెడల్పు తగ్గించరు, సిగ్నల్ మార్చరు. ఈ లోటు తెలిసే స్వీడన్ పోలీసుల సమాచారాన్నీ ఆసుపత్రుల సమాచారాన్నీ ఒకేచోట చేర్చే స్ట్రాడా అనే వ్యవస్థను పెట్టుకుంది. అలాంటిది లేనిచోట మన కాగితమే ఆ చుక్క.

నేను పడిన ఆ కూడలి గుండా తర్వాత చాలాసార్లు వెళ్లాను. మలుపు అలాగే ఉంది, కార్లు అలాగే తిరుగుతున్నాయి. నా తర్వాత అక్కడ ఎవరు పడ్డారో, వాళ్లూ “ఏమీ కాలేదులెండి” అన్నారో, నేను తెలుసుకునే దారి లేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తప్పు మనదైతే? లైటు లేకుండా వెళ్లామనుకోండి, ఎదురు దిశలో వెళ్లామనుకోండి. అప్పుడు కూడా చెప్పాలి, ఆ తప్పుతో సహా చెప్పాలి. దాచిపెట్టినది తర్వాత కెమెరాలో కనిపిస్తే మన గాయాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా మన పొరపాటు ఎంత ఉన్నా, డ్రైవరు ఆగి వివరాలు ఇవ్వవలసిన బాధ్యత దానివల్ల రద్దు కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. గది వెనుక బల్ల మీద తెల్లకాగితాలు, పెన్నులు పెట్టించాను. మీలో ఎవరికైనా ఈ మధ్య బండి తగిలి ఉంటే, చిన్నదని వదిలేసినదైనా సరే, ఇంటికి వెళ్లకముందు అక్కడ కూర్చోండి. తేదీ, సమయం, చోటు, బండి గురించి గుర్తున్నదంతా రాయండి. నేను పక్కనే ఉంటాను. రాయడం అయ్యాక కావాలంటే స్టేషన్‌కు మీతో వస్తాను.