చందుర్తి యుద్ధం: రెండు ఎర్ర కోట్ల చిక్కు

నమస్కారం. పాత యుద్ధాలను బల్ల మీద ఆటగా ఆడుకోవడానికి చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేయడం మన పని. ఈ రోజు బల్ల మీద అలాంటి బొమ్మల పటాలాలు రెండు ఉన్నాయి. రెండూ ఎర్ర కోట్లే. ఒకటి ఈస్టిండియా కంపెనీ వారి తెల్ల సైనికుల పటాలం, రెండోది బెంగాల్ సిపాయిలది. కెమెరాను కావాలనే దూరంగా పెట్టాను. ఏది ఏదో చెప్పగలరా? చెప్పలేకపోతే నా పని ఫలించినట్టే.

పద్దెనిమిదో శతాబ్దపు సైన్యాలు అనగానే బొమ్మలకు రంగులు వేసేవాళ్లందరూ నాటి జర్మన్ రాజ్యం ప్రష్యాను ఏలిన ఫ్రెడరిక్ దగ్గరికి పరుగెడతారు. నీలం కోట్లు, లాయిటెన్ యుద్ధం, బారులు తీరిన గ్రెనడియర్లు, అంటే ఏరి కూర్చిన కాల్బలం. బాగుంటుంది, కాదనను. అయితే ఫ్రెడరిక్ పోరాడిన అదే సప్తవర్ష సంగ్రామం (1756–63) మన గొల్లప్రోలు దాకా కూడా వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడ్డారు. అప్పటికి ఇక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీని ఆయన పై అధికారి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. అదే అదనుగా విజయనగరం ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద తిరగబడి, సాయం పంపమని బెంగాల్లోని కంపెనీ అధిపతి క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు పంపగా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ కలకత్తాలో ఓడ ఎక్కి విశాఖపట్నంలో దిగాడు. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్.

ముందు లెక్క చూద్దాం. ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది తెల్ల సైనికులు, 1,900 మంది సిపాయిలు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర సుమారు 500 మంది తెల్ల సైనికులు, 6,000 మంది సిపాయిలు. ఒక బొమ్మ 20 మందికి లెక్క అనుకుంటే, ఇంగ్లీషు పటాలానికి 24 బొమ్మలు చాలు. వారి సిపాయిలకు 95. ఫ్రెంచి సిపాయిలకు మాత్రం 300! ఫ్రెంచి వైపు ఆడతానని ముచ్చటపడే మిత్రుడుంటే ఆ 300 బొమ్మలూ ఆయనకే అప్పగించండి, ముచ్చట తీరిపోతుంది. గజపతి బలగాన్ని ఇంకా ఇందులో కలపనే లేదు.

ఇప్పుడు అసలు కథ. ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని మధ్యలో నిలిపి, సిపాయిలను రెండు పక్కలా పెట్టాడు. ఆ మధ్య పటాలం ముందు నిలువెత్తున ఎదిగిన చేను ఉంది. వాళ్లు ఆ పైరు చాటున పడిపోయారు. అవతలి నుంచి చూస్తున్న ఫ్రెంచివాళ్లకు పక్కనున్న సిపాయిల ఎర్ర కోట్లు మాత్రమే కనిపించాయి. ఆ రోజుల్లో చాలామంది సిపాయిలు సొంత బట్టలతోనే పోరాడేవారు. బెంగాల్లో క్లైవు 1757లో కూర్చిన పటాలానికి ఎర్ర కోట్లు తొడిగితే అది లాల్ పల్టన్, అంటే ఎర్ర పటాలం అనిపించుకుంది. అంటే ఎర్ర కోటు సిపాయి ఇంకా కొత్త. పైగా ఫోర్డ్ సిపాయిల జెండాలను చుట్టించి నేల మీద పడుకోబెట్టించాడు. ఇంకేముంది, వీళ్లే తెల్ల పటాలమని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి ఉరికారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచామనుకుని ఫ్రెంచి బారు వరస తప్పి వెంటపడింది. అప్పుడు చేను పక్క నుంచి అసలు పటాలం తిరిగి, దగ్గర నుంచి తుపాకులు పేల్చింది. అక్కడితో ఫ్రెంచి పటాలం విరిగిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫోర్డ్ చేతికి చిక్కింది.

అందుకే ఈ యుద్ధానికి రంగులు వేయడం తిరకాసు వ్యవహారం. మామూలుగా ఏ పటాలానికి ఆ పటాలం విడిగా కనిపించాలని తాపత్రయపడతాం. ఇక్కడ నాలుగడుగుల దూరంలో రెండూ ఒకటే అనిపించాలి. చేతిలోకి తీసుకుంటే తేడా తెలియాలి. 

కాబట్టి రెండు పటాలాల కోట్లకూ ఒకే సీసాలోని ఎరుపు, ఒకే విడతలో. ఏ ఎరుపు? నిప్పులా మెరిసే ఎరుపు మాత్రం వద్దు. మామూలు సైనికుడి కోటుకు అప్పట్లో మంజిష్ఠ జాతి మొక్క వేరుతో అద్దకం వేసేవారు. అది ఇటుక వైపు మొగ్గే మందమైన ఎరుపు. కీటకాల నుంచి తీసే ఖరీదైన ఎరుపు అధికారుల కోట్లకు. నేను ముదురు గోధుమ రంగు ప్రైమర్ (రంగులకు ముందు వేసే తొలి పూత) మీద మొదలుపెట్టి, మడతల లోపల దాన్ని అలాగే వదిలేసి, పైన ఇటుక ఎరుపు వేస్తాను. భుజాల మీద, మోచేతుల మీద అదే రంగులో కాస్త పసుపు మట్టి రంగు కలిపి ఒక గీత. తెలుపు కలపకండి, గులాబీ రంగుకు తిరుగుతుంది. అయితే ఎండలో నడిచి నడిచి వెలిసిన కోటు కావాలంటే ఒకరిద్దరికి ఆ గులాబీ ఛాయ బాగానే నప్పుతుంది.

కుంచె విషయంలో ఒక మాట. సన్నని పనికి నంబరులో సున్నాల మీద సున్నాలున్న అతి చిన్న కుంచెలు కొంటారు. ఎందుకండీ? అంత చిన్న కుంచె కొన మీద రంగు బొమ్మ దాకా వెళ్లేలోపే ఎండిపోతుంది. ఒకటో నంబరు కుంచె, మొన చెదరనిది, ఒక్కటి చాలు. ఛాతీ మీద అడ్డంగా వెళ్లే తెల్ల పట్టీలకు కూడా నేను దాన్నే వాడాను. ముందు పట్టీ వెడల్పు కన్నా కొంచెం ఎక్కువగా ముదురు గోధుమ గీత, దాని మధ్యలో తెలుపు. అంచున మిగిలిన ఆ వెంట్రుకవాసి నీడే పట్టీని కోటు నుంచి విడదీస్తుంది.

తేడా అంతా నడుము కింద, మెడ పైన. తెల్ల సైనికుడికి మూడు మూలల టోపీ, మోకాళ్ల దాకా మేజోళ్లు. సిపాయికి తలపాగా, పొట్టి నిక్కరు, ఏ ఆచ్ఛాదనా లేని కాళ్లు. కాళ్లకు ఒకే గోధుమ రంగు పూసి వదిలేయకండి. మనుషులన్నాక ఛాయలు వేరుగా ఉంటాయి. మూడు రకాలు కలిపి పెట్టుకుని వంతులవారీగా వేయండి.

ఫ్రెంచివారి తెల్ల కోట్లకు నేరుగా తెలుపు వేస్తే సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. బూడిద రంగు పునాది, దాని మీద వెన్న తెలుపు, అంచులకే అసలు తెలుపు.

ఇక చేను. కొబ్బరి పీచు పట్టా ఒకటి కొని ముక్కలుగా కోసి, పచ్చ రంగు పట్టించి, కొనల మీద ఎండుగడ్డి రంగును పొడి కుంచెతో అలా అలా రాయండి. బొమ్మ టోపీ మునిగే ఎత్తు ఉండాలి. ఫ్రెంచి ఆటగాడు బల్లకు అవతల కూర్చుని చూస్తాడు కాబట్టి ఆ ఎత్తును ఆయన కుర్చీలో కూర్చుని సరిచూడండి.

ఒక చిక్కు మిగిలింది. మన ఆటగాడు చరిత్ర చదువుకుని వస్తాడు, మోసపోడు. అందుకని ఏ పటాలం ఎవరిదో పీఠం అడుగున రాసి, చేను ఏ పక్కన వస్తుందో పాచిక వేసి తేల్చండి. సిపాయిల జెండాలను కర్రకు అంటించకండి, చుట్టి పీఠం మీదే పడుకోబెట్టి జిగురు పెట్టండి. వచ్చే భాగంలో ఫిరంగులు. ఆ 300 మంది ఫ్రెంచి సిపాయిల సంగతి మాత్రం ఇప్పట్లో అడగకండి.