అమెరికా సేల్స్ ట్యాక్స్: టికెట్టు డబ్బు ఎవరిది, కండక్టర్ ఎవరు?

మొన్న డల్లాస్ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. ఇత్తడి దీపాలు, పూజసామాను ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. "అన్నా, 2018లో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ అమ్మకాల మీద కొత్త పన్ను వేసిందట కదా, అది నా లాభంలోంచే కట్టాలా?" అన్నాడు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఈ వీడియో. కోర్టు కొత్త పన్నేమీ వేయలేదు. పైగా ఆ పన్ను అమ్మేవాడి లాభంలోది కానే కాదు.

ఒక బస్సు అనుకోండి. రావులపాలెం సెంటర్‌లో ఆగింది. టికెట్టు డబ్బు ఇవ్వాల్సింది ప్రయాణికుడు, అది చేరాల్సింది డిపోకి. మధ్యలో కండక్టర్ వసూలు చేసి అప్పజెప్పుతాడు. అంతే, ఆ సంచిలో డబ్బు అతనిది కాదు. సేల్స్ ట్యాక్స్‌లో కొనేవాడు ప్రయాణికుడు, రాష్ట్ర ప్రభుత్వం డిపో, వ్యాపారి కండక్టర్.

మరి బస్సులో కండక్టర్ లేకపోతే? టికెట్టు మాఫీ కాదు. "దిగాక డిపోకొచ్చి మీరే కట్టండి" అంటారు. దీని పేరే యూజ్ ట్యాక్స్. పక్క రాష్ట్రం వ్యాపారి పన్ను తీసుకోకపోతే, కొన్నవాళ్లే తమ రాష్ట్రానికి కట్టాలి. ఎంతమంది కట్టారంటారు? చాలామందికి అలాంటిది ఉందనే తెలియదు. ఇన్నేళ్ల గొడవంతా పన్ను ఉందా లేదా అని కాదు, కండక్టర్ ఎవరు అని.

1992లో క్విల్ కేసు వచ్చింది. క్విల్ అనే కంపెనీ ఆఫీసు సామాను కేటలాగుల ద్వారా పోస్టులో అమ్మేది. నార్త్ డకోటా పన్ను వసూలు చేయమంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: మీ రాష్ట్రంలో ఆ కంపెనీకి ఆఫీసో, గోడౌనో, మనిషో ఉంటేనే కండక్టర్ పని చెప్పగలరు అంది. పన్నుల వాళ్లు దీన్నే నెక్సస్ అంటారు. ఆ రాష్ట్రంలో కాలు మోపారా లేదా అని లెక్క.

ఇంటర్నెట్ వచ్చాక ఈ తీర్పు రాష్ట్రాలకు పెద్ద తలనొప్పి అయింది. అప్పుడు న్యూయార్క్‌కి ఒక ఆలోచన వచ్చింది. మళ్లీ రావులపాలెం వెళ్దాం. సెంటర్‌లో "అమలాపురం, అమలాపురం" అని కేకలేసి జనాన్ని బండెక్కించే కుర్రాడు ఉంటాడు చూశారా? మనిషికింత అని కమిషన్. బండి అతనిది కాదు, టికెట్టు అతను కొట్టడు. అఫిలియేట్ అంటే సరిగ్గా ఆ కుర్రాడే. బ్లాగులోనో వీడియో కిందో లింకు పెడతాడు, ఎవరైనా కొంటే కమిషన్ వస్తుంది.

2008లో న్యూయార్క్ ఏమందంటే: మా ఊళ్లో కేకలేసే కుర్రాడికి మీరు కమిషన్ ఇస్తున్నారు, అలాంటి కుర్రాళ్ల ద్వారా ఏడాదిలో మా రాష్ట్రం వాళ్లకి 10,000 డాలర్లకు మించి అమ్మారు, కాబట్టి మీకు మా ఊళ్లో మనిషి ఉన్నట్టే లెక్క. వసూలు చేయండి. దీన్ని క్లిక్-త్రూ నెక్సస్ అంటారు. అమెజాన్ అక్కడ వసూలు మొదలుపెట్టి, మరోపక్క కోర్టుకెళ్లింది. ఓవర్‌స్టాక్ అనే ఇంకో ఆన్‌లైన్ కంపెనీ మాత్రం న్యూయార్క్ అఫిలియేట్లనే తీసేసింది.

నాకు బాధ కలిగించేది ఈ దగ్గరే. చట్టం గురిపెట్టింది బండి యజమానికి, తగిలింది కుర్రాడికి. 2009లో నార్త్ కరోలినా, రోడ్ ఐలండ్, 2010లో కొలరాడో, 2011లో ఇల్లినాయ్. ఒక్కో రాష్ట్రం చట్టం తేవడం, అమెజాన్ అక్కడి అఫిలియేట్లందరినీ ఒక్క ఈమెయిల్‌తో వదిలించుకోవడం. 2011 జూన్‌లో కాలిఫోర్నియా చట్టం చేస్తే దాదాపు 10,000 మంది ఒక్కసారిగా పోయారు. ఫ్యాట్‌వాలెట్ అనే డీల్స్ సైట్ ఇల్లినాయ్ వదిలేసి, సరిహద్దు దాటి విస్కాన్సిన్‌లోని బెలాయిట్‌కి మకాం మార్చింది. కుర్రాడు సెంటర్ వదిలి పక్క ఊరి పొలిమేరలో నిలబడ్డట్టు. ఆ రాష్ట్రాలకు ఆశించిన వసూలు రాలేదు, ఈ చిన్నవాళ్ల సంపాదనా ఆగిపోయింది. కాలిఫోర్నియాలో తర్వాత రాజీ కుదిరి 2012 సెప్టెంబర్ నుంచి అమెజాన్ వసూలు మొదలుపెట్టింది. ఇల్లినాయ్ చట్టాన్నైతే 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే కొట్టేసింది.

ఇక 2018. సౌత్ డకోటాకి వ్యక్తిగత ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, బతుకంతా సేల్స్ ట్యాక్స్ మీదే. అది వేఫేర్, ఓవర్‌స్టాక్, న్యూఎగ్ అనే ఆన్‌లైన్ కంపెనీల మీద కేసు వేసింది. జూన్ 21న 5-4 తేడాతో సుప్రీంకోర్టు క్విల్ తీర్పును పక్కన పెట్టింది. ఊళ్లో మీ కుర్రాడు లేకపోయినా సరే, ఆ ఊరి జనం మీ బండి బాగా ఎక్కుతుంటే మీరే కండక్టర్. సౌత్ డకోటా పెట్టిన హద్దు ఏడాదికి 1,00,000 డాలర్ల అమ్మకం లేదా 200 ఆర్డర్లు. ఆ 200 ఆర్డర్ల షరతు 2023లో తీసేశారు. చిన్న సరుకు అమ్మేవాళ్లకి అది నిజంగా అన్యాయం. 5 డాలర్ల వత్తుల ప్యాకెట్లు 200 అమ్మితే వచ్చేది 1,000 డాలర్లు!

తీర్పుతో విభేదించిన చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ మాట కూడా వినాలి. దేశంలో ఎవరి పన్ను వాళ్లు వేసుకునే రాష్ట్రాలు, ఊళ్లు లాంటివి 10,000 పైనే ఉన్నాయి, ఒక్కోచోట ఒక్కో రూలు అన్నారు. ఇల్లినాయ్‌లో ట్విక్స్, స్నికర్స్ అనే రెండు చాక్లెట్లని వేరువేరుగా చూస్తారట, ఒకటి తిండి, ఇంకొకటి మిఠాయి! పెద్ద కంపెనీకి సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఇంట్లో కూర్చుని అమ్మేవాడికి టెన్షనే.

టైమ్ అయిపోతోంది, మిగిలింది గబగబా చెప్పేస్తాను. అమెజాన్, ఎట్సీ లాంటి చోట అమ్మితే అక్కడి అమ్మకాలకు పన్ను సాధారణంగా వాళ్లే వసూలు చేసి కడతారు. బస్టాండు వాడే అందరి టికెట్లూ కొట్టినట్టు. సొంత సైట్ అయితే మీరే చూసుకోవాలి. హద్దు అన్ని రాష్ట్రాల్లో ఒకటి కాదు, కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 5,00,000 డాలర్లు. వేరే రాష్ట్రం గోడౌన్‌లో మీ సరుకు ఉంటే అక్కడ కాలు మోపినట్టే, ఈ హద్దుతో పనిలేదు. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్‌లలో రాష్ట్ర స్థాయి సేల్స్ ట్యాక్స్ లేదు, అలాస్కాలో మాత్రం ఊళ్లు వేస్తాయి. రిజిస్టర్ కాకుండా పన్ను పేరుతో డబ్బు తీసుకోవద్దు, అది నేరం అవుతుంది.

అఫిలియేట్లూ, మీరు సరుకు అమ్మడం లేదు, కొన్నవాళ్ల దగ్గర సేల్స్ ట్యాక్స్ వసూలు చేయాల్సింది మీరు కాదు. మీ కమిషన్ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంటుంది, అది వేరే లెక్క.

డల్లాస్ తమ్ముడూ, నువ్వుండేదే టెక్సస్. కాబట్టి ఆ 5,00,000 హద్దు నీకు వర్తించదు, మొదటి దీపం అమ్మేముందే సేల్స్ ట్యాక్స్ పర్మిట్ ఉండాలి. లేకపోతే రేపే అప్లై చెయ్యి. ఇవాళ రాత్రికి గత ఏడాది ఆర్డర్లన్నీ రాష్ట్రాలవారీగా విడదీసి కూడు. ఏదైనా రాష్ట్రం 1,00,000 డాలర్ల దగ్గరికి వస్తుంటే ఆ కాగితం పట్టుకుని సీపీఏ, అంటే లైసెన్సున్న అకౌంటెంట్ దగ్గరికి వెళ్లు.