డబ్బు: రాగి నాణెం పేరు ధనానికి ఎలా వచ్చింది?

నమస్కారం. ధనం, విత్తం, ద్రవ్యం అన్నవి గ్రంథాలలో ఎక్కువగా కనిపించే మాటలు కాగా, ఇంట్లోనూ అంగడిలోనూ మనం అనేది మాత్రం డబ్బు. ఈ మాట మొదట ధనానికి పేరు కాదు. అది ఒక చిన్న రాగి నాణెం పేరు. ‘ధనం’ అన్న మాటకు సాధారణంగా బహువచనం వాడం, కానీ ‘డబ్బులు’ అని తడుముకోకుండా అంటాం. లెక్కపెట్టి చేతిలో పోసిన నాణేల కాలం ఆ బహువచనంలో ఇంకా మిగిలి ఉందని నా అభిప్రాయం.

ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ప్రాంతపు లెక్క ఇలా ఉండేది: ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక వరహా, ఇరవై కాసులు ఒక డబ్బు. అంటే ఒక బంగారు వరహాకు 168 డబ్బులు. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనపెట్టి వెండి రూపాయిని ప్రామాణికం చేసి, వరహాకు మూడున్నర రూపాయలుగా మారకం నిర్ణయించింది. ఆ లెక్కన రూపాయికి 48 డబ్బులు అవుతాయి. అంతకుముందే, 1794లో, ఉత్తర సర్కారుల కోసం, అంటే చాలావరకు నేటి కోస్తాంధ్ర కోసం, కంపెనీ ఇంగ్లండులో ముద్రించి తెప్పించిన రాగి నాణెం మీద ‘రూపాయికి 48’ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. రెండు లెక్కలూ ఒకచోటికే చేరడం చూస్తే, డబ్బు విలువ వ్యవహారంలో ఎంత స్థిరపడి ఉండేదో తెలుస్తుంది.

వరహా పేరు ధనానికి ఎందుకు రాలేదు? రైతుకూలీకి, కూరలమ్మే మనిషికి బంగారు వరహా చేతికందే వస్తువు కాదు. రోజువారీ బేరమంతా రాగితోనే సాగింది కనుక, నోట నలిగిన రాగి పేరే మొత్తం సంపదకు పేరైందని నేను భావిస్తాను. దుడ్డు కూడా ఇలాంటి రాగి నాణెమే. కన్నడంలో నేటికీ ధనానికి వాడుకమాట ‘దుడ్డు’. రాయలసీమలో ‘దుడ్లు’ వినిపిస్తుంది. తెలంగాణలో ‘పైసలు’ అంటారు, అదీ చిల్లర నాణెమే.

1835లో కంపెనీ తన పాలనలోని ప్రాంతాలకు ఒకే రూపాయిని ఏర్పాటు చేసినప్పుడు, రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు అన్న పద్ధతి స్థిరపడింది. రూపాయికి 64 పైసలయ్యే ఆ వరుసలో 48వ వంతు నాణేనికి చోటు లేకపోయింది. నాణెం క్రమంగా చలామణి నుంచి తప్పుకుంది, మాట మాత్రం నిలిచింది.

కాసు కథ దీనికి కాస్త భిన్నం. చోళుల శాసనాలలో బంగారు కాసులు కనిపిస్తాయి; మద్రాసు లెక్కలో అదే పేరు అన్నిటికన్నా చిన్న రాగి నాణేనిది. ఇంగ్లీషువారు ఈ చిన్న నాణేన్ని ‘క్యాష్’ అన్నారు. రొక్కం అనే అర్థంలో వాడే ‘క్యాష్’ మాత్రం వేరే మాట, అది పెట్టె అనే అర్థమున్న లాటిన్ మూలం నుంచి వచ్చింది. రెండూ ఒకే రూపంలో కలిసిపోవడంతో చాలామంది ఒకటే అనుకుంటారు. ఇక తెలుగులో, ‘చిల్లికాసు లేదు’ అంటే చేతిలో ఏమీ లేదని. కంసాలి దగ్గర ‘కాసు బంగారం’ అంటే దాదాపు ఎనిమిది గ్రాములు.