ఆదివారం లేని బడి

(ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, బడి గంట కొట్టగానే బస్సు పట్టుకుని ఇక్కడికి వచ్చిన పంతుళ్ళకు, పంతులమ్మలకు నమస్కారం.

మన పాతకాలపు చదువుల ఘనత గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఘనత గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను పని గురించి మాట్లాడతాను. రెండు వందల ఏళ్ళ కింద ఈ ప్రాంతంలో వీధిబడికి వెళ్ళిన పిల్లవాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేసేవాడు? అయ్యవారు ఏం పని పెట్టేవారు? సెలవు ఎప్పుడు? మనకు కావలసినవి ఇవి.

ఇవి ఊహించుకోనక్కర్లేదు, కాగితాల్లో ఉన్నాయి. 1822 జూన్ 25న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. పట్టిక నింపి పంపి ఊరుకున్నవాళ్ళు ఉన్నారు. మన బళ్ళారి కలెక్టర్ ఎ. డి. కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టు 17న పంపిన జవాబులో బడి లోపల జరిగే పనిని కూడా వివరంగా రాశాడు. అంతకు ఏడేళ్ళ ముందే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి, మన మాట తెలిసినవాడు. మన బళ్ళారి అని ఎందుకన్నానంటే, అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది.

ఆయన లెక్కలో బడులు 533. తెలుగువి 226, కన్నడవి 235, మరాఠీవి 23, పారసీవి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒకటి. మిగిలిన 23 బ్రాహ్మణ పిల్లలు మాత్రమే చదివే సంస్కృత పాఠశాలలు. పిల్లలు మొత్తం 6,641 మంది. అంటే బడికి పన్నెండు మంది. నలభై, యాభై మంది ఉన్న తరగతిలో గొంతు చించుకునే మనకు ఆ పన్నెండు అన్న అంకె చూస్తే కాస్త అసూయ కలుగుతుంది, ఏం చేస్తాం.

ముందు సెలవుల సంగతి చెప్పి పక్కన పెడతాను. ఆ చదువుకు వారం అనే కొలత లేదు, పక్షమే కొలత. సంస్కృత పాఠశాలల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలు అనధ్యాయాలు, అంటే చదవకూడని రోజులు. వీధిబడులకూ అమావాస్య, పున్నమి సెలవులుండేవని మా తాతల తరం వాళ్ళు చెప్పేవారు. ఈ పాడ్యమి భయం ఎంత పాతదంటే, సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ చిక్కిపోయిన తీరును పాడ్యమి నాడు చదివేవాడి విద్యతో పోలుస్తాడు. మనుస్మృతి ఇంకా గట్టిగా చెబుతుంది: అమావాస్య నాటి చదువు గురువును చంపుతుంది, చతుర్దశి నాటిది శిష్యుణ్ణి చంపుతుంది. దుమ్ము రేగినా, నక్క కూసినా, కుక్కో గాడిదో ఒంటో అరిచినా వేదం ఆపాలి. ఈ లెక్కన మా ఊరి బడికి ఏడాదంతా సెలవే.

అనధ్యాయం అంటే ఆడుకోమని మాత్రం కాదు. వ్యాకరణం, ఛందస్సు లాంటి వేదాంగాలకు ఆ నిషేధం లేదు. శ్రావణంలో మొదలైన వేదాధ్యయనం నాలుగున్నర నెలలకు ముగిశాక, శుక్లపక్షంలో వేదం, కృష్ణపక్షంలో వేదాంగాలు చదవాలని కూడా అదే గ్రంథం చెబుతుంది. పదిహేను రోజులు ఒక రకం పని, పదిహేను రోజులు మరో రకం పని అన్నమాట. మన టైంటేబుల్లో నలభై ఐదు నిమిషాలకోసారి సబ్జెక్టు మారుతుంది. ఏది మేలో మీరే ఆలోచించండి, నాకైతే ఆ పక్షం లెక్క బుర్రకెక్కే లెక్కలా కనిపిస్తుంది.

అయితే ఒక మాట దాటెయ్యకూడదు. ఊళ్ళో శవం ఉన్నా, ఏడుపు వినిపించినా, జనం గుమిగూడినా చదవకూడదు అని చెప్పే శ్లోకంలోనే శూద్రుడి సమక్షంలో కూడా చదవకూడదని ఉంది. నక్క కూత, గాడిద అరుపు ఉన్న జాబితాలోనే మనిషి కూడా ఉన్నాడు. ప్రాచీన విద్య గొప్పది అని వేదికలెక్కి చెప్పేటప్పుడు ఈ శ్లోకం పక్కన పెట్టి చెప్పడం నాకు చేతకాదు.

అందుకే నేను సంస్కృత పాఠశాల వదిలి వీధిబడికి వస్తాను. అక్కడ లెక్క వేరు. కాంప్‌బెల్ పట్టికలో బ్రాహ్మణ పిల్లలు 1,185 మంది, వైశ్యులు 981 మంది, శూద్రులు 2,998 మంది, ఇతర కులాల వాళ్ళని రాసినవారు 1,174 మంది. వీళ్ళంతా మగపిల్లలు. ముస్లిం పిల్లలు 243 మంది. ఆడపిల్లలు జిల్లా మొత్తానికి అరవై మంది! దాదాపు పది లక్షల జనం ఉన్న జిల్లాలో అరవై మంది.

ఇక బడి లోపలికి వెళ్దాం. అయిదో ఏట వినాయకుడి ఎదుట కూర్చోబెట్టి, బియ్యంలో వేలు పట్టి రాయించడంతో మొదలు. ఇది ఇప్పటికీ మన ఇళ్ళలో ఉన్నదే. మర్నాటి నుంచి పొద్దున ఆరింటికల్లా బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అక్కణ్ణించి వచ్చినవాడికల్లా ఒకటి చొప్పున పెరుగుతుంది. పన్నెండో పిల్లవాడి సంగతి మీరే లెక్క కట్టుకోండి. ఎవడో ఒకడు ఎప్పుడూ చివరే వస్తాడు కదా, ఎంత పొద్దున్నే లేచినా! చదవనివాడికి బెత్తం, గుంజీళ్ళు, చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం. గుంజీళ్ళు బాధాకరమే కానీ ఒంటికి మంచివేమో అని కాంప్‌బెల్ దొర ఒక చమత్కారం కూడా విసిరాడు. నాకు నవ్వు రాలేదు.

అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దాలి. చెయ్యి కుదిరాక తాటాకు మీద గంటం, కాగితం మీద కలం, లేదంటే పలక, కడితం. ఈ జిల్లాలో ఎక్కువగా వాడింది చివరి రెండే. పలక అంటే అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు చెక్క, దాని మీద అన్నం, బొగ్గుపొడి కలిపి పూసేవారు. కడితం అంటే గంజి పెట్టిన బట్టను పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గూ జిగురూ పట్టించినది. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేస్తే మళ్ళీ కొత్త పుస్తకం. ఖర్చు లేని చదువు. ఇంత పొదుపుగా రాత నేర్పడం మెచ్చుకోదగినదని కాంప్‌బెల్ కూడా ఒప్పుకున్నాడు.

గుణింతాలు అయ్యాక మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు రాయాలి. తరవాత అంకెలు, కూడికల ఎక్కాలు, డబ్బు లెక్కలు, కొలతలు. అన్నిటికంటే ఎక్కువ కష్టపడి నేర్పింది భిన్నాలు. మన భిన్నాలు పదులతో కాదు, నాలుగులతో దిగుతాయి. ఒకటిలో నాలుగోవంతు పావు, అందులో నాలుగోవంతు వీసం, అందులో నాలుగోవంతు కాని. ధాన్యం కొలిచేవాడికీ, బంగారం తూచేవాడికీ, శిస్తు కట్టేవాడికీ ఇవి నోటికి రావాలి. అందుకని రోజుకు రెండుసార్లు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, ఒక పెద్ద పిల్లవాడు చెబుతుంటే అందరిచేతా పలికించేవారు. మన బడుల్లో సాయంత్రం ఎక్కాలు అరిపించడం ఇంకా గుర్తున్నవాళ్ళు ఈ హాల్లో ఉన్నారని మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

ఆ పెద్ద పిల్లవాడే ఆ బడికి ఆయువుపట్టు. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు. వయసును బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి పై తరగతికి పోవడం. కింది తరగతులను చాలావరకు పెద్ద పిల్లలు చూసుకుంటారు, పై తరగతిని అయ్యవారు చూసుకుంటూ మొత్తం మీద ఒక కన్నేసి ఉంచుతారు. ఇవాళ నేర్చినది రేపు ఇంకొకడికి చెప్పాలి. చెప్పాలంటే తనకు రావాలి. ఇంతకు మించిన హోంవర్కు నాకు తెలియదు. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతి పట్టుకున్నాడు, పెద్ద పిల్లలచేత చిన్నవాళ్ళకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండు బడుల్లోకి పోయింది. తిరిగి మనకే మానిటర్ అనే ఇంగ్లీషు పేరుతో వచ్చింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి. పై తరగతి పిల్లలకు అయ్యవారు పెట్టిన పని ఏమిటో తెలుసా? ఆయన నాలుగు చోట్ల నుంచీ రకరకాల చేతిరాతల ఉత్తరాలు, సర్కారు కాగితాలు పోగుచేసి తెచ్చేవారు. వాటిని పిల్లలు చదివి చెప్పాలి. గొలుసుకట్టు రాత ఒకప్పుడు ఎంత కష్టమో కరణాల దస్త్రాలు చూసినవాళ్ళకు తెలుసు. ఒకరి రాత ఇంకొకరు చదవలేరు. అది చదవగలిగితే పిల్లవాడు ఊళ్ళో ఎవరికైనా పనికొస్తాడు, తన ఇంటి కాగితంలో ఏముందో తనే చూసుకుంటాడు. ఆ తరవాత మామూలు ఉత్తరం రాయడం, ఒప్పంద పత్రం రాయడం. అంటే ఆ బడికి పాఠ్యపుస్తకం సగం ఊళ్ళోంచే వచ్చేది.

అదే బడిలో రెండో సగం చూడండి. రామాయణం, భారతం, భాగవతం అన్ని కులాల పిల్లలూ చదివేవారు. పద్యాలు వందలకొద్దీ కంఠతా పట్టేవారు. ఉచ్చారణ కోసం, తడుముకోకుండా చదవడం కోసం. అర్థం మాత్రం చిలక్కి ఎంత తెలుసో పిల్లవాడికీ అంతే తెలుసునని కాంప్‌బెల్ రాశాడు. పద్యాల భాష పిల్లవాడు మాట్లాడే భాష కాకపోవడమే దానికి కారణమనీ, చెప్పే పంతుళ్ళకే అర్థం తెలియదనీ అన్నాడు. దొర గనుక అలా అన్నాడు అని కొట్టిపారెయ్యడం తేలిక. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను. ప్రతిపదార్థం గైడు చూసి బట్టీపట్టి పదికి పది తెచ్చుకున్న పిల్లలను చూశాను. ఆ పద్యంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారని అడిగితే వాళ్ళు నా మొహం చూసేవారు. కంఠతా పట్టడం తప్పు కాదు. చిన్నప్పుడు నోటికి వచ్చిన పద్యం నలభయ్యో ఏట అర్థమై పులకరించినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ నమ్మకంతో పదేళ్ళ చదువు నడపలేం.

నా ఫిర్యాదు ఇదీ. వీధిబడి నుంచి మనం ఆ రెండో సగాన్ని జాగ్రత్తగా తెచ్చుకుని, మొదటి సగాన్ని వదిలేశాం. పదో తరగతి పాసైన పిల్లవాడికి వాళ్ళ నాన్న పట్టాదారు పాసుపుస్తకం ఇచ్చి చదవమనండి. కరెంటు బిల్లులో యూనిట్ల లెక్క చెప్పమనండి. అప్పు కాగితంలో వడ్డీ ఎక్కడుందో చూపించమనండి. టెన్షన్ పడిపోతాడు, ఎందుకంటే బడిలో వాటిని ఎవరూ వాడి చేతికి ఇవ్వలేదు. ప్రాజెక్ట్ వర్క్ అని మనం ఇచ్చేదాంట్లో సగం జిరాక్స్ షాపువాడే చేసిపెడుతున్నాడు.

ఆ బడులు ఏమయ్యాయని అడుగుతారు. కాంప్‌బెల్ నాటికే కూలిపోతున్నాయి. కారణం ఆయనే రాశాడు: ఇంగ్లండు నుంచి సీమబట్ట వచ్చి నేతపనివాళ్ళ నోట మట్టి కొట్టింది, జిల్లాలో జనం చేతుల్లో డబ్బు లేదు, కాళ్ళూ చేతులూ ఆడగానే పిల్లవాణ్ణి పనికి పంపకపోతే ఇల్లు గడవదు. ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళు చాలావాటిలో ఇప్పుడు బడే లేదన్నాడు. అయ్యవారి బతుకు పిల్లల ఇళ్ళ మీదే ఆధారపడింది. దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి, అయ్యవారికి అయిదు వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు చాలని పాడించుకున్నది అందుకే. ఇళ్ళలో గింజలు లేకపోతే బడికి ఎక్కణ్ణించి వస్తాయి? 1826 మార్చి 10న మన్రో జిల్లాల నుంచి వచ్చిన లెక్కలు కలిపి చూస్తే మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. బడులకు సర్కారు డబ్బు ఇవ్వాలని ఆయన ప్రతిపాదించాడు. ఆ మరుసటి ఏడాది మన పత్తికొండలోనే కలరాతో పోయాడు.

చివరగా మీతో ఒక పని ఉంది. మీ ఊళ్ళలో పాత ఇళ్ళ అటకల మీద నల్లటి బట్ట పుస్తకాలు, గొలుసుకట్టు కాగితాలు ఇంకా ఉండే అవకాశం ఉంది. పిల్లలను పంపి ఫొటోలు తీయించండి. చదవడం వచ్చిన ముసలివాళ్ళు ఊరికొకరైనా మిగిలి ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి ఒక్క కాగితమైనా చదివించండి. దానికి మార్కులు కూడా వెయ్యండి, లేకపోతే పిల్లలు చెయ్యరు. చదవలేకపోయిన కాగితాలు నాకు పంపండి, కలిసి ప్రయత్నిద్దాం. నమస్కారం.