పిల్ల దొరికిందా? ‘క్షణం’ చూసిన జనం అడిగిన ప్రశ్న

[తెర నల్లగా ఉంటుంది. హాల్లో జనం గుసగుసలు మాత్రమే వినిపిస్తాయి.]

"ఒరేయ్ నాన్నా, పిల్ల దొరుకుద్దా లేదా? అదొక్కటి చెప్పు. లేకపోతే మిగతా సినిమా నేను చూడలేను."

ఇంటర్వెల్‌లో మా పిన్ని నన్ను అడిగిన మాట ఇది. 2016 మార్చి, విజయవాడ, మ్యాట్నీ ఆట. సినిమా ‘క్షణం’. నేను అంతకుముందే ఒకసారి చూశానని తెలుసు కాబట్టి నన్ను పట్టుకుంది. చేతిలో పాప్‌కార్న్ పొట్లం కొన్నది కొన్నట్టే ఉంది. మా ముందు వరుసలో ఒకావిడ, నిద్రపోతున్న మూడేళ్ల పిల్లాణ్ని పక్క సీట్లోంచి తీసి ఒళ్లో పడుకోబెట్టుకుంది. వాడికేం కాలేదు, హాయిగా నిద్రపోతున్నాడు. అయినా ఆవిడ చెయ్యి వాడి వీపు మీంచి కదల్లేదు.

[తెర మీద: ‘క్షణం’, 2016 ఫిబ్రవరి 26]

నమస్తే. ఈ వీడియోలో ఆ చెయ్యి గురించి మాట్లాడుకుందాం. పెద్ద హీరో లేడు, పెద్ద సెట్టింగులు లేవు. దాదాపు కోటి రూపాయల్లో తీశారని అప్పట్లో చెప్పుకున్నారు. మరి అంత చిన్న సినిమా హాల్లో ఉన్న అందరినీ అలా ఎలా పట్టేసింది? అదే భయం రెండేళ్ల తర్వాత మన ఊళ్లలోకి సెల్‌ఫోన్ల మీద వచ్చినప్పుడు ఏం జరిగింది? నా దృష్టిలో ఈ రెండూ ఒకే కథ.

ఇంకా చూడనివాళ్లు భయపడకండి. పిల్లను ఎవరు ఎత్తుకెళ్లారో, ఎందుకు ఎత్తుకెళ్లారో ఇందులో ఎక్కడా చెప్పను.

[తెర మీద: నటీనటుల పేర్లు ఒక్కొక్కటిగా]

కథ మొదలయ్యే తీరు చూడండి. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న రిషికి ఒకప్పటి ప్రేయసి శ్వేత నుంచి ఫోన్ వస్తుంది. రిషిగా అడివి శేష్, శ్వేతగా అదా శర్మ. ఫోన్ అందుకుని రిషి హైదరాబాద్ వస్తాడు. తన కూతురు రియాను ఎవరో ఎత్తుకెళ్లారని, పోలీసులు పట్టించుకోవడం లేదని శ్వేత చెబుతుంది. సరే, కిడ్నాప్ కథ, వెతుకుతాడు అనుకుంటాం. అప్పుడు శ్వేత భర్త కార్తీక్ నోటి నుంచి ఒక మాట వస్తుంది. ఆ పాత్రలో సత్యదేవ్. అసలు మాకు కూతురే లేదు, తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి శ్వేత అలా ఊహించుకుంటోంది అంటాడు.

అంతే, కూర్చున్న కుర్చీ కిందే నేల కదిలినట్టయింది.

మామూలుగా ఇలాంటి సినిమాల్లో పిల్ల ఎక్కడుందో వెతకడమే కథ. హీరో తలుపులు బద్దలు కొడతాడు, కార్లు గాల్లోకి లేస్తాయి. అందుకు డబ్బు కావాలి. ఇక్కడ అసలు ప్రశ్న పిల్ల ఉందా లేదా అన్నది. దానికి కార్లు పేల్చక్కర్లేదు. ఒక గది, ఇద్దరు మనుషులు, ఇద్దరూ కళ్లల్లో కళ్లు పెట్టి చెప్పే రెండు మాటలు. వాటిలో ఒకటి అబద్ధం. దర్శకుడు రవికాంత్ పేరేపుకి ఇది మొదటి సినిమా. శేష్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాశాడు. బడ్జెట్ లేకపోవడాన్ని ఒక లోటులా మనకు కనపడనివ్వకుండా, కథనే డబ్బు అక్కర్లేని చోటికి తీసుకెళ్లారు. 2016 సంవత్సరానికి ఉత్తమ స్క్రీన్‌ప్లే నంది వాళ్లిద్దరికీ వచ్చింది. సరైనవాళ్లకే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఆ క్షణంలో హాల్లో ఏం జరిగిందో చెబుతాను. నేను రెండుసార్లు చూశాను కదా, రెండుసార్లూ ఇదే జరిగింది. కార్తీక్ ఆ మాట అనగానే కుర్రాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఓహో, అదా సంగతి" అని సర్దుకున్నారు. ఏదో ట్విస్ట్ దొరికిందన్న సంతోషం. మా పిన్ని సర్దుకోలేదు. నా మోచెయ్యి పట్టుకుని గట్టిగానే అంది: "కన్నతల్లి చెబుతుంటే పిల్ల లేదంటాడేంట్రా వాడు!"

వెనక వరుసలో ఇంకెవరో పెద్దావిడ, "అదేగా మరి" అంది.

ఇద్దరికీ పరిచయం లేదు. ఆ చీకట్లో ఒకరి మొహం ఒకరికి కనపడను కూడా కనపడదు. కానీ ఇద్దరూ ఒకే పక్షం. నేను మాత్రం మొదటిసారి చూసినప్పుడు కార్తీక్ మాటే నమ్మాను. నమ్మి, కాసేపటికి సిగ్గుపడ్డాను. ఒక ఆడమనిషి ఏడుస్తూ చెబుతున్న మాటకంటే, ఒక మగవాడు నెమ్మదిగా, మర్యాదగా చెప్పిన మాట నాకు ఎక్కువ నిజంలా ఎందుకు అనిపించింది? ఎంత ఏడిస్తే అంత మతి తప్పినట్టు, గొంతు ఎంత నిదానంగా ఉంటే అంత సత్యం పలికినట్టు. శ్వేత ఎదురుగా ఉన్న మనుషులు చేసిన తప్పే, టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చున్న నేనూ చేశాను. ఈ సినిమా నన్ను పట్టుకున్నది అక్కడ. తర్వాత ఎవరు దోషి అని తేలినప్పుడు కూడా నాకు అంత దెబ్బ తగల్లేదు.

[తెర మీద: సత్యం రాజేష్, వెన్నెల కిషోర్, అనసూయ]

ఇంకో సంగతి. ఈ ముగ్గురినీ చూడగానే మనకు ముందే నవ్వు వస్తుంది, లేదా టీవీ గుర్తొస్తుంది. సత్యం రాజేష్ అంటే కామెడీ. వెన్నెల కిషోర్ అంటే కామెడీ. అనసూయ అప్పటికే ఇంటింటికీ తెలిసిన యాంకర్. వీళ్లలో రాజేష్‌కి, అనసూయకి పోలీసు పాత్రలిచ్చారు. రాజేష్ తెర మీదకి రాగానే మా హాల్లో ఒకరిద్దరు నవ్వబోయారు కూడా. అతను నవ్వించడు. అలిసిపోయిన, లోపల ఏదో నడుస్తున్న ఇన్‌స్పెక్టర్‌గా నిలబడతాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తెలిసిన మొహమే తెలియని మనిషిలా మారితే అనుమానం దానంతటదే పుడుతుంది. పెద్ద స్టార్‌ని పెట్టుకోలేని సినిమాకి ఇది చాలా తెలివైన పని. ఎవరు మంచివాళ్లో, ఎవరు చెడ్డవాళ్లో మొహం చూసి చెప్పే దారి మూసేశారు.

శ్రీచరణ్ పాకాల సంగీతం గురించి ఒక్క మాట. భయపెట్టడానికి ఎక్కడా అరవదు. హాల్లో ఉన్నప్పుడు చాలాసేపు నేను దాన్ని గమనించనే లేదు. బయటికొచ్చాక మాత్రం చెవిలో అదే మోగుతోంది.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. రెండో సగం చివర్లో సమాధానాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. అప్పటిదాకా ఒక్కో అడుగూ మనతోనే వేయించిన సినిమా, అక్కడికొచ్చేసరికి మన చెయ్యి వదిలేసి తనే పరిగెత్తింది. హాలు బయట స్కూటర్ల దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు కూడా అదే వాదించుకుంటున్నారు. ఒకడు "లాజిక్ ఎక్కడ్రా" అంటుంటే, ఇంకోడు "నువ్వు ఏడ్చావా లేదా చెప్పు ముందు" అంటున్నాడు. ఇద్దరిదీ కరెక్టే.

[తెర మీద: తమిళం, హిందీ, కన్నడ రీమేక్‌ల పేర్లు]

ఈ కథ తమిళానికి, హిందీకి, కన్నడకి వెళ్లింది. హిందీలో 2018లో వచ్చిన ‘బాఘీ 2’ రెండొందల కోట్లకు పైగా వసూలు చేసింది. అక్కడ హీరో ఆర్మీ కమాండో. టైగర్ ష్రాఫ్ ఒంటి చేత్తో ఎంతమందినైనా పడగొడతాడు. ఆ సినిమాకి ఈలలు పడ్డాయి, పడాల్సిందే, ఆ ఫైట్లు అలాంటివి. కానీ నాకు పిల్ల మీద బెంగ కలగలేదు. అంత బలమున్నవాడు వెతుకుతుంటే ఇక భయమేముంది? రిషికి ఆ బలం లేదు. మనలాగే దెబ్బ తింటాడు, మనలాగే తప్పుడు మనిషిని నమ్ముతాడు. వాడి చేతకానితనమే మన టెన్షన్. డబ్బు పెరిగితే ఈలలు పెరిగాయి, ఆ ముందు వరుస ఆవిడ చెయ్యి మాత్రం పిల్లాడి వీపు మీంచి ఎప్పుడో లేచిపోయి ఉండేది.

[కాసేపు నిశ్శబ్దం. తెర మీద: 2018 మే]

ఇప్పుడు రెండో సంగతికి వద్దాం. సినిమా కాని సినిమా.

2018లో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. సీసీ కెమెరాలో పడ్డట్టున్న చిన్న వీడియో. ఒక వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు. బైక్ మీద ఇద్దరు వస్తారు. బండి కొంచెం నెమ్మదిస్తుంది. వెనక కూర్చున్నవాడు వంగి ఒక పిల్లాణ్ని ఎత్తుకుంటాడు. బండి వెళ్లిపోతుంది. మిగతా పిల్లలు వెనకాల పరిగెత్తుతారు. వీడియో అయిపోతుంది.

అది పాకిస్తాన్‌లో తీసింది. కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్ని హెల్ప్‌లైన్ అనే సంస్థ జనాన్ని జాగ్రత్తపరచడానికి నటులతో తీయించిన చిత్రం. అసలు వీడియోలో ఆ బైక్ మళ్లీ వెనక్కి వస్తుంది. పిల్లాణ్ని క్షేమంగా దింపుతారు. దింపినవాడు కెమెరా వైపు ఒక బోర్డు పట్టుకుంటాడు. కరాచీ వీధుల్లో ఒక పిల్లను ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు అని దాని అర్థం.

క్షణం. ఆ మాట చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ వెనక్కి వచ్చే బైక్‌ని ఎవరో కత్తిరించారు. పిల్లాడు దొరికిన ముక్క పోయింది, ఎత్తుకుపోయిన ముక్క మిగిలింది. అదే మన ఫోన్లలో తిరిగింది. ఇక్కడ దానికి తోడు పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాయిస్ మెసేజ్‌లు. సినిమా హాల్లో అయితే లైట్లు వేస్తారు, బయటికొస్తాం, టీ తాగుతాం, భయం దిగుతుంది. ఫోన్లో లైట్లు వేసేవాళ్లు లేరు. ముగింపు లేని కథ చూసినవాళ్లు, ముగింపు కోసం వీధిలోకి వచ్చారు. కొత్త మొహం కనపడితే వాడే దొంగ.

ఆ మేలో తెలుగు రాష్ట్రాల్లో అమాయకుల్ని కొట్టారు, కొందరు చనిపోయారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఒకేసారి ఐదుగురిని చంపేశారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

చంపినవాళ్లంతా పుట్టుకతో క్రూరులని నేను అనుకోను. వాళ్లలో చాలామంది ఇంట్లో పిల్లలున్నవాళ్లే. ముందు వరుస ఆవిడ చెయ్యి ఏ భయంతో పిల్లాడి వీపు మీద ఆగిందో, ఆ భయమే వాళ్ల చేతికి కర్ర ఇచ్చింది. ఇది చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంది, కానీ చెప్పకపోతే ఈ వీడియోకి అర్థం లేదు.

[తెర మీద: జోగులాంబ గద్వాల జిల్లా]

అదే సమయంలో గద్వాల వైపు వేరే కథ నడిచింది. అప్పుడు అక్కడ ఎస్పీ రెమా రాజేశ్వరి. ఊళ్లలో జనం రాత్రిపూట బయట పడుకోవడం మానేశారని, భయపడుతున్నారని తన పోలీసుల ద్వారా ముందే తెలుసుకున్నారు. ఒక్కో ఊరి బాధ్యత ఒక్కో పోలీసుకి అప్పగించి, నాలుగొందలకు పైగా ఊళ్లకు పంపారు. వాళ్లు నోటీసు అంటించి వెళ్లిపోలేదు. డప్పు వాయించారు, పాటలు పాడారు, ఆ వీడియోలు అబద్ధమని ఊరి మధ్యలో నిలబడి విడమరిచి చెప్పారు. అక్కడ ప్రాణాలు పోలేదు. కత్తిరించిన ముక్కను పోలీసులే మళ్లీ అతికించినట్టు నాకు తోస్తుంది: చీకట్లో కూర్చున్న జనానికి లైట్లు వేశారు.

నిజంగా పిల్ల కనపడకపోతే ఏం చేయాలో కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే చాలామందికి సినిమాల వల్ల వచ్చిన తప్పుడు నమ్మకం ఒకటుంది: ఇరవై నాలుగు గంటలు ఆగాలని. ఆగక్కర్లేదు. పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదుకీ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. వెంటనే స్టేషన్‌కి వెళ్లండి, ఈమధ్య తీసిన ఫొటో పట్టుకెళ్లండి, వేసుకున్న బట్టల రంగు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, ఏ వేళలోనైనా. శ్వేతకి ఎదురైనట్టు ఎవరైనా "ఇంటికెళ్లి చూడండమ్మా, వచ్చేస్తుంది" అంటే కదలకండి.

[తెర మీద: ఒక సెల్‌ఫోన్, ఫ్యామిలీ గ్రూప్]

పోయిన నెల మా ఫ్యామిలీ గ్రూప్‌లో మళ్లీ అలాంటి వీడియో ఒకటి వచ్చింది. ఏదో ఊళ్లో, మాస్క్ వేసుకున్న మనిషి, చేతిలో గోనెసంచి, ఏడుస్తున్న పిల్ల. కింద "అందరికీ పంపండి" అని. నేను టైప్ చేసేలోపే మా పిన్ని వాయిస్ మెసేజ్ పెట్టింది. పదేళ్ల కిందట విజయవాడలో అడిగిన గొంతే, కొంచెం వణుకు వచ్చింది అంతే.

"ఒరేయ్ నాన్నా, ఇందులో పిల్ల చివరికి దొరికిందా? మిగతా వీడియో ఏదిరా?"

వెతికాను. రెండు గంటలు పట్టింది. అదీ నటులతో తీసిందే, చివర్లో అందరూ నవ్వుతూ కెమెరాకి చేతులూపుతున్నారు. మొత్తం వీడియో గ్రూప్‌లో పెట్టాను. పిన్ని చూసింది. అమ్మయ్య అని ఒక్క మాట పెట్టి, నిద్రపోయింది.